బీబీ పట్టిన తువ్వాలు

తల్విందర్ సహోతా ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టి పెరిగిన బాక్సరు. పోటీ దగ్గరపడితే బరువు తగ్గడానికి నల్లటి చెత్తసంచికి చిల్లులు పెట్టి తొడుక్కుని, కాలువగట్టు వెంట చెమటలు కక్కుతూ పరిగెడతాడు. ఇంటికి రాగానే నాయనమ్మ బీబీ నెయ్యి కారే గోధుమ లడ్డు నోట్లో కుక్కుతుంది. ఎవరి గుద్దునైనా తప్పించుకుంటాడు గానీ, ఆ చేతిని తప్పించుకోవడం మాత్రం అతని వల్ల కాదు.

ఈసారిది టైటిల్ పోటీ. ముందురోజు హోటల్లో ప్రత్యర్థితో సహా అందరి ఎదుటా తూకం వేస్తే పిసరంత ఎక్కువ తూగాడు. బరువు తగ్గకపోతే పోటీ రద్దు. ఇక ఒంటిమీదున్న చెడ్డీ కూడా విప్పాల్సిందే. కోచ్ తువ్వాలు అడ్డం పట్టబోతే బీబీ లాక్కుంది. "పరాయి చేతులెందుకయ్యా? నేను నీళ్లు పోసి పెంచిన ఒళ్లేగా." తల్విందర్ గొంతు తగ్గించి, "గట్టిగా పట్టుకో బీబీ, ముందు వరసలో గురుద్వారా ఆంటీలున్నారు," అన్నాడు. "నువ్వు నోరు మూసుకుని ఊపిరి బిగబట్టరా."

ముల్లు వణికి వణికి ఆగింది. "సరిపోయింది," అన్నాడు తూకం చూసే ఆయన. బీబీ కళ్లు మూసుకుని, "వాహెగురూ," అంటూ రెండు చేతులూ జోడించింది. ఆంటీలందరూ ఒక్కసారిగా చున్నీలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు రింగులో తల్విందర్‌ను చూసినప్పుడల్లా ప్రత్యర్థికి నవ్వు ఆగలేదు. మూడో రౌండులో అలా నవ్వుతూనే గుద్దు తిని పడిపోయాడు.