తొట్టిలో కరిగిన పెన్న గట్టు

ఎనిమిదో తరగతిలో నేను ఎంతగా స్థిరపడిపోయానంటే, కొత్తగా వచ్చిన లెక్కల అయ్యవారు నన్ను చూసి తనిఖీకి వచ్చిన అధికారి అనుకొని లేచి నిలబడ్డాడు. ఆ ఏడు కూడా పరీక్షలో ప్రతి ప్రశ్న కిందా ‘తెలియదు’ అని రాసి, వీపు వాచేలా తన్నులు తిని, బడి మానేశాను. ప్రొద్దుటూరులో బాడుగ జీపు తోలుకుంటూ బతికాను.

మా పెద్దమ్మ కొడుకు అలా కాదు, చదివాడు. పార్టీ కక్షల్లో వాళ్ళ నాయనను పులివెందుల బస్సులోంచి దింపి నరికాక, మా పెద్దమ్మ కొడుకును ఎంత దూరం పంపగలిగితే అంత దూరం పంపింది. మా అన్న నేల అయిపోయేదాకా పోయి, అదీ చాలక ఓడెక్కాడు. సముద్రం అడుగుకు గొట్టం దించి బురద తీయడం ఆయన ఉద్యోగం. ఆ బురద పొరలు పొరలుగా పేరుకుంటుందట. అందులో ఆవగింజకన్నా చిన్న గవ్వలను చూసి, వేల ఏళ్ళ కింద నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో, వానలు పడ్డాయో లేదో చెప్పేవాడు. “ఈ ఏడు పడతాయా అన్నా?” అని అడిగితే మాత్రం రేడియో వినమనేవాడు.

పెన్న కలిసే చోటికి ఎదురుగా, సముద్రంలో తీసిన బురదలో ఆయనకు ఒక మందపాటి ఎర్రపొర దొరికింది. ఏళ్ళ తరబడి కరువుకు పొడై, తర్వాతి వరదకు కొట్టుకుపోయిన మన సీమ మన్నే అదని ఆయన నమ్మకం. నమ్మకం చాలదు, అదే పొరను పెన్న గట్టులో కూడా చూపించాలి. చూపించలేకపోతే ఉద్యోగమంతా చేసిన పని సగంలో ఆగిపోతుంది. ఆ ఏడే ఆయన ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడు.

జమ్మలమడుగుకు ఎగువన, కోత పడని గట్టు ఒక రైతు పొలంలో ఉంది. రెండు పార్టీల ఊళ్ళ మధ్య ఇరుక్కొని, ఎవరి జెండా కట్టకుండా సేద్యం చేసుకునే మనిషి ఆయన. “మన్నే గదప్పా, ఎత్తకపో. ఇంతవరకు ఈడనించి మనుషుల్నే ఎత్తకపోయినారు” అన్నాడు.

ప్లాస్టిక్ పైపులను సుత్తితో గట్టులోకి దించి, పొరల వరస చెదరకుండా లాగి, రెండు మూతులకూ టేపు చుట్టి, తడి గోనెసంచుల్లో పడుకోబెట్టాం. వరస చెదిరితే అది ఉత్త బురదేనని అన్న పదేపదే చెప్పాడు. బాలింతను ఇంటికి తెచ్చినట్టు తోలాను జీపును.

ఓట్లకు ముందు రోజులు. పక్క ఊరి మొదట్లో ఆ ఊరి పార్టీ వాళ్ళు చెట్టుకొమ్మ అడ్డం వేసి మమ్మల్ని ఆపారు. వాళ్ళలో పెద్దవాడు, తెల్లచొక్కా మనిషి, గోనె ఎత్తి చూశాడు.

“యాడనించి మామా? ఏందివి?”

“మన్నప్పా” అన్నాను నేను. “మా అన్నకు ఆ ఊర్లో మన్ను పడలేదంట, ఈడనించి తీసకపోతాండాడు.”

ఎవరూ నవ్వలేదు. గోనె చుట్టి, టేపు బిగించి, కుదుపు తగలకుండా తెచ్చే సరుకు మా వైపు ఒక్కటే, నాటుబాంబు. దాన్ని చంపే పద్ధతి కూడా ఒక్కటే, నీళ్ళలో ముంచడం. పక్కనే ఎనుములు తాగే సిమెంటు తొట్టి ఉంది.

“ముంచొద్దప్పా! మన్నే, కావాలంటే ఇప్పి చూడు” అంటూ మా అన్న ఆ తెల్లచొక్కా మనిషి చేతులు పట్టుకున్నాడు.

“ఇప్పితే పోయేది నా చేతులు గదా! మన్నే అయితే తడిస్తే దానికేం పోతాది?”

పైపులన్నీ తొట్టిలో ముంచి, నీళ్ళ అడుగునే కొడవలితో టేపు కోశారు. ఎరుపు, బూడిద, నలుపు ఒకదాని వెంట ఒకటి జారి, తొట్టంతా ఒకే రంగు అంబలి అయింది. తెల్లచొక్కా మనిషి చెయ్యి పెట్టి దేవులాడి చూశాడు. “మన్నే” అన్నాడు, కాస్త నిరాశగా. “పోండప్పా ఇంక.”

అన్న తొట్టి అంచు పట్టుకొని నిలబడిపోయాడు. నేనే చెయ్యి పట్టి జీపెక్కించాను.

మర్నాడు మళ్ళీ గట్టుకు పోదామన్నాడు. పోలేకపోయాం. మేము బాంబులు ఆ రైతు పొలంలో దించేసి, కళ్ళు కప్పడానికి మన్ను తెచ్చుకున్నామని అప్పటికే మాట పుట్టింది. ఓట్లు ముగిసిన వారంలో ఆ రైతును తన గట్టు మీదే చంపారు. పాత భూతగాదా అన్నారు ఊళ్ళో. నేనూ అన్నకు అదే చెప్పాను. అన్న నమ్మలేదు. ఆ గట్టువైపు మేము మళ్ళీ పోలేదు.

కొంతకాలానికి అన్న వ్యాసం అచ్చయింది. ప్రొద్దుటూరుకు వచ్చినప్పుడు, అందులో చివరి మాటేమిటో తెలుగులో చెప్పమన్నాను. ఎర్రపొర ఎక్కడిదో తెలియదని రాశాడట. ఆ ముఖం చూడలేక, నవ్విద్దామని అన్నాను:

“ఓడలెక్కి, ఇంత చదివి, కడాకు తెలీదని రాసేదానికేనా అన్నా? ఆ మాట నేను ఎనిమిదిలోనే రాసి బయటికొచ్చినా గదా!”

టీ గ్లాసు కింద పెట్టాడు.

“నువ్వు తెలీదంటే నీ వీపొక్కటే వాసిందిరా. నేను తెలుసుకుందామని పోతే, ఆ గట్టాయన ఇంట్లో దీపం పెట్టే దిక్కు ల్యాకపాయ.”