తలుపుకి అడ్డం పెట్టిన చెక్క

కత్తులకు పిడులు చెయ్యడం మా చిన్నత్త పని. వాటి ఇనుప అలుగులు సాగగొట్టి పదును పెట్టడం నా పని. ఇద్దరికీ ఒకే షెడ్డు. నా నిప్పురవ్వలు ఆవిడ చెక్కపొట్టు మీద పడకుండా మధ్యలో రేకు నిలబెట్టుకున్నాం. రేకుకి ఇవతల అంతా చప్పుడు, అవతల అంతా వాసన.

ఆవిడ చెక్కని ఎంచుకుంటుంటే పని చేస్తోందో కునుకు తీస్తోందో చూసేవాళ్ళకి తెలియదు. ముక్కని బుగ్గకి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. తీసుకెళ్ళి మళ్ళీ అటక మీద పెడుతుంది. వెచ్చగా ఉంటే వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపల బీట ఉంటే ఆ మోతలోనే తెలిసిపోతుంది. అన్నీ అయ్యాక తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది. అప్పటిదాకా బూడిదరంగులో పడి ఉన్న చెక్క మీద ఉన్నట్టుండి చారలు తేలతాయి, నీళ్ళు వెళ్ళిపోయాక ఇసుకలో మిగిలిన జాడల్లా. తడి ఆరేదాకా వాటినే చూస్తూ కూర్చుంటుంది. ఆరిపోతే ఇంకోసారి తుడుస్తుంది.

"పెళ్ళిచూపులు అయ్యాయా అమ్మా? పిల్ల నచ్చిందా?" అంటాడు కత్తి కోసం వచ్చి నిలబడ్డ మాంసం కొట్టాయన.

"పిల్ల బంగారం. పిల్లాడి చేతులే అనుమానం. ఏదీ, ఇలా పెట్టు."

అతని అరచేయి తిప్పి, ఎక్కడెక్కడ కాయలు కాశాయో వేలితో తడిమి, బిగువు పీచున్న చింతచేవ ముక్క తీసి పక్కన పెడుతుంది. తోటమాలికైతే జామ. తోలు కోసేవాడికి ఇంకోటి. చేయి చూడకుండా ఎవరికీ చెక్క తీసింది లేదు.

"కోసిన చెక్క ఇంకా తను చెట్టుననే అనుకుంటుందిరా," అనేది నాతో. "వానొస్తే ఉబ్బుతుంది, ఎండొస్తే ముడుచుకుంటుంది. ఆ సంగతి మరిచిపోయేదాకా దాన్ని నిద్రపోనివ్వాలి. ముందే లేపావో, మేకుల దగ్గర నోరు తెరుస్తుంది."

అలా నిద్రపోయే ముక్కల్లో ఒక నల్లచెక్క ఉండేది, పాత చీరముక్కలో చుట్టి, అటక మూలన. గాలికి కూలిన ఒక ముసలి చెట్టు మొదట్లోది. తడిపితే దాని మీద అలలు లేచేవి. చెక్కని అటూ ఇటూ వంచితే ఆ అలలు కదిలినట్టే ఉండేవి. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. "దీనికి తగ్గ అలుగు నువ్వింకా కొట్టలేదురా," అని నన్ను దెప్పేది.

ఒక మధ్యాహ్నం తనే దాన్ని కిందికి దింపింది, పెద్దత్త కోసం.

పెద్దత్త ఆవిడకి సొంత అక్క. పిల్లల హాస్టల్లో వంటమనిషి. కీళ్ళ జబ్బుతో మంచం పట్టి లేచింది. లేచింది గానీ, కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. సెలవులయ్యాక హాస్టల్ తెరిచే రోజుకి ఎప్పటిలా కూరగాయలు తరగగలిగితే సరే, లేదంటే వంటగదిలోకి వేరే మనిషిని తీసుకోక తప్పదని వార్డెనమ్మ చెప్పేసింది.

"ఆవిడ తప్పేముందే? కత్తి పట్టలేని వంటమనిషిని ఎవరుంచుకుంటారు?" అని పెద్దత్త నవ్వింది. "ఇంట్లో కూర్చోబెడితే గోడలు తరుగుతానేమో!"

ఆ నవ్వు విని వచ్చాకే చిన్నత్త అటకెక్కింది.

నేను అలుగు కొట్టాను. నా చేతి నుంచి అంతకు ముందు అంత తేలికైన అలుగు రాలేదు. చిన్నత్త నల్లచెక్కని రెండు బద్దలుగా కోసి, అలుగు తోకకి అటూ ఇటూ పెట్టి, ఇత్తడి మేకులు దిగ్గొట్టింది. కొలత కోసం అక్కని పిలవలేదు. చిన్నప్పుడు ఒకే జత గాజులు మార్చుకుని తొడుక్కున్న చేతులవి. తన చేయి ఉండగా కొలతెందుకు? గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించి, మళ్ళీ రుద్ది, పిడిని అద్దంలా చేసింది. అందులో నా ముఖం కూడా చూడముచ్చటగా కనిపించింది, అదీ సంగతి.

కత్తి పెద్దత్తకి చేరింది. వారం గడిచింది. పెద్దత్త నుంచి మంచీ లేదు, చెడ్డా లేదు. చిన్నత్త ఆగలేక నన్ను వెంటబెట్టుకుని హాస్టల్ వంటగదికి వెళ్ళింది. పిల్లలు లేని ఆ గదిలో పెద్ద పెద్ద గిన్నెలు బోర్లించి ఉన్నాయి, కిటికీలోంచి వచ్చిన ఎండ వాటి వీపుల మీద పడుకుంది. పెద్దత్త ఒక్కతే బల్ల ముందు నిలబడి, చేయి అలవాటు కావాలని ఉల్లిపాయలు తరుగుతోంది. మమ్మల్ని చూసి కత్తిని కొంగు చాటుకి లాగింది.

చిన్నత్త ఆ చేయి పట్టుకుని బయటికి తీసింది. పిడికి పాత గుడ్డ పేలిక చుట్టి, పురికొస కట్టి ఉంది.

"ఏంటక్కా ఇది?"

"చాలా బాగుందే. మరీ బాగుంది. ముద్దు పెట్టుకోవచ్చు, ఉల్లిపాయే కోయలేకపోతున్నా. చేయి తడిస్తే చేపలా జారుతోంది."

చిన్నత్త ఆ చేతిని తిప్పి చూసింది. కణుపులు వాచి ఉన్నాయి. వేళ్ళు సగంలో ఆగిపోతున్నాయి. తన చేతిని పక్కన పెట్టి చూసుకుంది. ఒక జత గాజుల చేతులు ఇప్పుడు రెండు వేరే ఊళ్ళలా ఉన్నాయి.

"మాంసం కొట్టాయన చేయి చూశాను గానీ నీ చేయి చూడలేదే," అంది మెల్లగా. "పద."

షెడ్డులో చాప పరిచి ముక్కలన్నీ దాని మీద పోసింది. అక్క కళ్ళకి తువ్వాలు కట్టింది.

"ఈ వయసులో దాగుడుమూతలేంటే?"

"నా కళ్ళే కొంప ముంచాయి. నీ కళ్ళని కూడా నమ్మను. చేత్తో చెప్పు."

పెద్దత్త ఒక్కో ముక్కా పట్టుకుని పక్కన పెట్టేసింది. ఇది బరువు. ఇది చల్లన. ఇది ఎవరో పరాయివాళ్ళలా ఉంది. రేకు సందుల్లోంచి పడే వెలుగులో చెక్కపొట్టు నెమ్మదిగా తేలుతోంది. నేను కొలిమి ఊదడం మానేశాను. చాప ఖాళీ అయింది. "ఇక చాల్లేవే, నా రాత," అని పెద్దత్త లేచి, తువ్వాలు విప్పకుండానే గాలి వచ్చే వైపు నడిచింది. గుమ్మంలో ఏదో కాలికి తగిలింది. పక్కకి పెడదామని వంగి తీసింది.

మళ్ళీ కింద పెట్టలేదు.

"ఇదేం ముక్కే? నా వేళ్ళు దీని చుట్టూ ఆగుతున్నాయి."

చిన్నత్త నోరు తెరిచింది. "అక్కా, అది తలుపుకి అడ్డం పెట్టే చెక్క!"

"అయితే ఇన్నాళ్ళూ మంచి చెక్కని తలుపుకిచ్చి, నాకు అద్దం ఇచ్చావన్నమాట."

మేం షెడ్డులో దిగక ముందునుంచీ ఉన్న దుంగ ముక్క అది. వానజల్లు, ఎండ, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు అన్నీ తిని అరిగిపోయింది. తేలిక. వెచ్చన. చిన్నత్త ఒక మూల రంపంతో గీరి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. వాసన చూస్తే చాలు, పేరు చెప్పే మనిషి తల అడ్డంగా ఊపింది.

"ఏ చెట్టో తెలియట్లేదురా. దానికే గుర్తులేదు. ఇంతకన్నా నిద్రపోయిన చెక్క ఎక్కడ దొరుకుతుంది?"

పిండి ముద్ద కలిపి అక్క చేత గట్టిగా పట్టించింది. ముద్దలో పడ్డ పల్లాలు చూసుకుంటూ పిడిని లావుగా, మధ్యలో పొట్ట ఉండేలా చెక్కింది. నూనె పట్టించింది గానీ గరుకు కాగితం జోలికి పోలేదు. ఆకురాయి గీతలు అలాగే ఉంచేసింది.

హాస్టల్ తెరిచిన రోజు మేమిద్దరం వంటగది బయట నిలబడ్డాం. లోపల బల్ల మీద కత్తి చప్పుడు మొదట తడబడింది. తర్వాత ఒక వరసలో పడి, కిటికీ మీద వానలా సాగింది. వార్డెనమ్మ గుమ్మంలో కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుంది.

"ఏమ్మా, ఉల్లిపాయలు మరీ ఘాటుగా ఉన్నాయి. సాయంత్రానికీ నువ్వే తరిగెయ్," అని వెళ్ళిపోయింది.

షెడ్డుకి వచ్చేసరికి తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. చిన్నత్త కత్తి నుంచి ఊడదీసిన నల్లచెక్క బద్దలు రెండూ మళ్ళీ ఒకటిగా అతికించి, ఒక చివర ఏటవాలుగా చెక్కి, తలుపు కిందికి తోసింది. మేకుల చిల్లులు పూడ్చలేదు.

"అయ్యయ్యో, అంత చెక్కని కాళ్ళ కింద వేస్తావా?" అని మాంసం కొట్టాయన గోల పెట్టాడు.

"తలుపు పట్టుకోవడం పని కాదా? నువ్వు తొక్కకుండా రా, చాలు."

అతను తొక్కే వచ్చాడు. అందరూ తొక్కుతారు. బయట వాన పడుతున్న రోజుల్లో ఎవరి తడికాలో తగిలినప్పుడల్లా ఆ చెక్క మీద అలలు లేస్తాయి. చిన్నత్త ఆకురాయి ఒళ్ళో పెట్టుకుని, అవి ఆరేదాకా చూస్తూ కూర్చుంటుంది.