ఖాళీ ఫైలు

ఆటోనగర్‌లో నేను పనిచేసిన స్పేర్ పార్ట్స్ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు మా సీనియర్ మేడమ్‌గారి ఎక్సెల్ ఫైలు తెరవాలి, ఆ తర్వాతే ఎవరి ఫైలు వాళ్ళు. అందులో తెల్లటి గళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు, మంచు కమ్మిన కాలవలా. ఖాళీ ఫైలుకి ఈ మర్యాదేమిటని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు విసుగెత్తి మూసిపారేశాను. సరుకుల వరుసలు సర్దడానికి రోజూ నొక్కే షార్ట్‌కట్టే నొక్కాను. ఒక్క వరుస కదిలితే ఒట్టు.

మేడమ్‌గారు వెనక నుంచి చూసి నవ్వారు. "ఖాళీ అనుకున్నావా అమ్మా? నువ్వు షార్ట్‌కట్ నొక్కగానే వరుసలు సర్దే మాక్రో, నేను రాసిందే, అందులోనే ఉంది. అది తెరిచుంటేనే నీ ఫైల్లో పని జరుగుద్ది."

నిన్న మధ్యాహ్నం గన్నవరం బస్సులో గాలికి కళ్ళు మూతలు పడుతున్నాయి. చీర కొంగులో తెగిన పోగొకటి చేతికి తగిలింది. నేను చూడనైనా లేదు, నా వేళ్ళు గాల్లో ఏదో అద్దుకుని, ఆ రెండు కొసల్నీ మెలిపెట్టి అతికేశాయి.

మా నాయనమ్మ మగ్గం దగ్గర అచ్చం అలాగే చేసేది. పక్కనున్న చిప్పలో బూడిద వేళ్ళకు అద్దుకుని, తెగిన పోగులు అతికేది. నాకెవరూ నేర్పలేదు. ఇప్పుడు ఆ మగ్గమూ లేదు, ఆవిడా లేదు, నా పక్కన బూడిద చిప్పా లేదు.

కిటికీ బయట వరిచేలు మెల్లగా వెనక్కి పోతున్నాయి. ఎక్కడో మా నాయనమ్మ ఫైలు ఇంకా తెరిచే ఉంది.