ఏంది గింత హాయి

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఒక మొగుడూ పెళ్లాం ఉండేవారు. సున్నం కొట్టిన గోడ మీద, మా నాయిన వేసిన బొమ్మలో. ఆయన చేతిలో సిగరెట్టు, ఆమె మొహంలో నవ్వు. ఒక ఏడు సైకిల్ మీద, మరో ఏడు పడవలో, ఆ పై ఏడు కారులో... ఎక్కడ చూసినా వాళ్లే. ఇన్నేళ్లయినా వాళ్లకు పిల్లలెందుకు పుట్టలేదోనని మా వాడకట్టు ఆడవాళ్లు నిజంగానే బెంగపడేవారు.

నాయిన నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆ సిగరెట్టు కంపెనీకి గోడలు రాసేవాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇప్పటి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా గోడలన్నీ ఆయన చేతివే. ఒక్క సంగతి మాత్రం మా ఇంట్లో ముగ్గురికే తెలుసు... నాయినకు చదవడం రాదు.

కాగితం మీద అక్షరం ఎలా ఉంటే గోడ మీద అలా దించేవాడు. సూపర్‌వైజర్ కాగితం ఇచ్చినప్పుడు కళ్లు చిన్నవి చేసి, పెదాలు కదిపి, చదివినట్టు నటించేవాడు. నాకేమో నవ్వొచ్చేది. ఆయనకు మాత్రం అదొక్కటే భయం... చదువు రాదని తెలిస్తే పని పోతుందని.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి లేచిన ఏడాది అది. బళ్లు మూసేశారు. మూడో తరగతి చదివే నేను ఇంట్లోనే ఉన్నాను. కంపెనీ ఆ ఏడు బొమ్మ కింద కొత్త మాట పెట్టింది. చీటీ మీద రాసిచ్చారు. నాయిన తెచ్చి నాతో ఒకసారి చదివించుకున్నాడు. పొద్దున్నే అమ్మ ఆ చీటీతో పొయ్యి అంటించి చాయ పెట్టేసింది.

నాయిన మొహం పాలిపోయింది. "మల్ల అడిగితే ఏమంటడు సారు? నువ్వు సదవలేదా అంటడు. ఏం జెప్పాలె?"

"నాకు యాదుంది నాయినా" అన్నాను. నోటుబుక్కులో కాగితం చింపి, గుండ్రంగా రాసిచ్చాను... 'ఏంది గింత హాయి'. సాయంత్రానికి గోడ మీద మూరెడు మూరెడు అక్షరాలు. ఎంత గర్వపడ్డానో.

మర్నాడు సూపర్‌వైజర్ స్కూటర్ దిగాడు. కోస్తా వైపు మనిషి. మంచివాడే, మాటే కాస్త దురుసు.

"ఏంటయ్యా ఇది? నేను రాసిచ్చిందేంటి, నువ్వు రాసిందేంటి? ఏదీ, ఓసారి చదువు."

నాయిన గోడకేసి తిరిగి నిదానంగా అన్నాడు... "ఏంది గింత హాయి."

"నేనిచ్చింది 'ఏమిటీ ఇంత హాయి' అని కదా."

"గదే కద సార్" అన్నాడు నాయిన. "ఏంది గింత హాయి. నేనేం తప్పు రాసిన?"

నిజంగానే ఆయనకు తేడా తెలియలేదు. అప్పటిదాకా నాకూ తెలియలేదు. ఆ మాట మా గడప దాటి లోపలికొచ్చేసరికి మా మాట అయిపోయింది, అంతే.

సూపర్‌వైజర్‌కు ఏదో అనుమానం తగిలింది. "రేపు పొద్దున వస్తా. ఆ చీటీ తీసుకురా. నా ముందు చదివి, నా ముందే మళ్లీ రాయి" అని వెళ్లిపోయాడు. ఏ చీటీ... అది ఎప్పుడో బూడిదైంది. ఆ పూట నాయిన అన్నం ముట్టలేదు.

పొద్దున్నే గోడ దగ్గరికి పోయేసరికి రోడ్డు పొడుగునా నినాదాలు. ఉద్యమం పిల్లలు తారు డబ్బాలతో ఆ మొగుడూ పెళ్లాల మొహాల మీద 'జై తెలంగాణ' రాసుకుంటూ వస్తున్నారు. మా గోడ దగ్గరికి వచ్చి, ఒకడు కుంచె ఎత్తి, చదివి, నవ్వేశాడు.

"ఆగుర్రి, గిది మనోళ్లు రాసిండ్రు. ఉండనియ్." పక్కన ఖాళీ జాగాలో నినాదం రాసుకుని ముందుకు పోయారు.

కాసేపటికి సూపర్‌వైజర్ వచ్చాడు. రోడ్డు అటు చూశాడు, ఇటు చూశాడు. మొత్తం మీద మిగిలింది మా గోడ ఒక్కటే.

"చీటీ అక్కర్లేదులే... మిగతావి కూడా ఇలాగే రాసెయ్" అన్నాడు.

బళ్లు తెరిచేలోపు నాయినకు అక్షరాలు నేర్పాను. ఆయన తనంతట తాను చదివిన మొదటి మాట కూడా అదే. కంపెనీ సంతోషించి నెలనెలా ఒక సిగరెట్టు డబ్బా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు బీడీ కూడా ముట్టని మనిషి... తాను రాసిన మాట నిజమో కాదో చూద్దామని ఒకటి వెలిగించాడు. ఇక మానలేదు.

ఏళ్ల తర్వాత దవాఖానలో, ఊపిరి అందక మంచం మీద కూర్చుని, ఎదురుగా గోడ మీద ఉన్నది కూడబలుక్కుని చదివాడు. "పొ...గ... తా...గ...రా...దు." నా వైపు తిరిగాడు. "అచ్చరం సక్కగనే దించిండు బిడ్డా. నేనైతే జర పెద్దగ రాసేటోన్ని."

నేను బయటికొచ్చి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఆ హాయి రాసిచ్చింది నేనే కదా.

ఇప్పుడు ఆ గోడ లేదు. అది ఉన్న చోటు ముందు నుంచి మెట్రో పోతోంది. గోడల మీద సిగరెట్టు బొమ్మలు ఎక్కడా కనిపించవు... మంచిదే. అయినా ఆ దారిలో పోయేటప్పుడు కిటికీలోంచి ఆ మొగుడూ పెళ్లాల కోసం వెతుకుతూనే ఉంటాను.

మీకు యాదున్న గోడ రాత ఏదైనా ఉంటే కింద రాయండి... జర పెద్దగా రాయండి.