సరిపెట్టిన పాలు

మా వదినకు డెయిరీలో పాలు పితికేవాళ్ళు పెట్టిన పేరు జోస్యాలమ్మ. ఏ ఆవు ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్ళయింది, నిన్న ఎన్ని పాలిచ్చింది, ఎండ ఎంత, ఇవన్నీ కంప్యూటరులో వేసి రేపటి పాలు ఇవాళే చెబుతుంది. ఆ అంచనా పాకలో బోర్డు మీదకెక్కుతుంది. తూచిన పాలు దానికంటే బాగా తగ్గితేనే ఆ ఆవును డాక్టరు చూస్తాడు. నేనూ అక్కడే, దాణా గదిలో పని.

అన్నయ్య ఉద్యోగం వేరే ఊళ్ళో. అక్కడి శాఖకు బదిలీ అడిగి అడిగి వదిన నోరు పడిపోయింది. "నువ్వు లేకపోతే డెయిరీయే లేదమ్మా" అంటాడు మేనేజరు. పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళను చూశాను గానీ, పోనివ్వక పొగిడేవాణ్ణి ఈయన్నే చూశాను. మానేసి వెళ్దామంటే ఒక్క జీతంతో ఇల్లు గడవదు. చివరికి ఒక మాటన్నాడు: "ఈ ఎండాకాలం నువ్వు సవరించకుండా కంప్యూటరు లెక్క దానంతటదే సరిపోతే పంపిస్తా."

మొదట్లో తప్పింది. ఎండలకు ఆవులు జోస్యాన్ని ఖాతరు చెయ్యలేదు. తర్వాత ఏమైందో, లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోసాగింది. వదిన చీరలు సర్దుకుంది.

"అన్నయ్యను చూడగానే నన్ను మరిచిపోతావులే" అని ఏడిపించాను.

"నువ్వు మరవనిస్తావా? ఫోన్లు చేసి చంపవూ!"

ఒకరోజు పాకలో వదిన బొట్టావు పొదుగు మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. కాలిపోతోంది, రాయిలా ఉంది.

"ఇది నిన్న పది లీటర్లిచ్చిందా బాబాయ్?" అని పాలు పితికే పెద్దాయనను అడిగింది.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "మూడే ఇచ్చిందమ్మా. ఎక్కువిచ్చిన ఆవు పాలు దీని బకెట్లో పోసి తూచాం. లెక్క తప్పితే నిన్ను పంపరటగా! మేమంతా అనుకునే చేశాం."

వదిన కళ్ళు నిండాయి. తిట్టలేకపోయింది. "ఇక పొయ్యకండి" అని మాత్రం అంది.

నేను చెయ్యి పట్టుకున్నాను. "వదినా, దీనికి మందు వేయిద్దాం. లెక్క ఊసెత్తకు, నీకు దణ్ణం పెడతా."

"దీనికి సరే. ఇలాగే జబ్బు దాగినవి ఇంకెన్ని ఉన్నాయో!"

మేనేజరు దగ్గరకెళ్ళి, వాళ్ళ పేరెత్తకుండా, "నా లెక్కే తప్పిందండీ, ఆవులన్నిటినీ డాక్టరుకు చూపించాలి" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలేదూ! నువ్వు లేకుండా ఇది నడవదు." నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం పాక దగ్గర్నుంచే అన్నయ్యకు ఫోను చేసింది. "ఈసారికి కుదరలేదండీ."

అటునుంచి గొంతు నాకూ వినబడింది. "నిజం చెప్పు. అసలు నీకు రావాలని ఉందా?"

వదిన ఫోను నా చేతిలో పెట్టి, బొట్టావు పొదుగుకు కాపడం పెట్టడానికి వెళ్ళిపోయింది.