గడువు దాటినా ప్రభువు దాటిపోలేదు

సహోదరులారా, అమ్మలారా, యేసయ్య పేరట మీకందరికీ వందనాలు. నేను కరుణను, ఈ నంద్యాలలోనే మిషను కుట్టుకుని బిడ్డలతో బతుకుతాండా. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఇన్నాళ్లూ నేను మీ ముందర నిలబడి ఒక్క మాట చెప్పలేదు, చెబితే ఎవరి చెవిన పడుతుందో, మా వాళ్లకు ఏమవుతుందో అని వణుకు!

నా తమ్ముడు ప్రకాశం ట్రాక్టరు తోలేవాడు. ఒకనాడు శనగ చేను దున్ని ఇంటికి వస్తాంటే, ఊర్లో ఒక పెద్ద రైతును కొందరు దారి కాసి కొడవళ్లతో నరుకుతాంటే కండ్లారా చూసినాడు. నీకెందుకప్పా, నోరు మూసుకోమని ఊరంతా చెప్పింది. మా నాయన మాత్రం, చూసింది చూసినట్టు చెప్పు, దేవుడున్నాడు అన్నాడు. తమ్ముడు కోర్టులో బోనెక్కి చెప్పినాడు. అంతే, అప్పటి నుంచి మాకు కంటి నిండా నిద్ర లేదు. ఆ నరికినోళ్ల మనుషులు వాణ్ణి కొట్టి చెయ్యి విరగ్గొట్టినారు, భార్యను తీసుకుని హైదరాబాదులో దాంకుంటే ఆడికీ వచ్చి కొట్టినారు, ఇంక దిక్కు లేక మొగుడూ పెండ్లాం కెనడా పోయి, మాకు ప్రాణభయం ఉంది, మీ దేశంలో తల దాచుకోనీయండి అని అడుక్కున్నారు. ఆడి అధికారులు అంతా విని, మీ దేశం పెద్దది, ఇంకో ఊరికి పోయి బతకండి అని కాదన్నారు.

దాని మీద ఆడి కోర్టుకు పోవాలంటే గడువులోపలే పోవాలంట. సరిగ్గా అప్పుడే ఆ మనుషులు మా పల్లెకు వచ్చి, "నీ కొడుకు యాడుండాడో చెప్పు ముసలోడా" అని నాయన చొక్కా పట్టుకున్నారు. నాయన నోరు తెరవలేదు. వాళ్లు అట్లా పోయినారో లేదో గుండె పట్టుకుని కూలిపోయినాడు, ఆస్పత్రికి తెచ్చేలోపే దారిలోనే పాయె! నాయన పెట్టె మీద మట్టి పడేది నా తమ్ముడు ఫోనులో చూసినాడు. ఆ రోజు నుంచి వాడు తినలేదు, గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. వాని భార్య బతిమాలి లాయరు కాడికి పట్టుకుపోయేసరికి గడువు దాటిపోయింది.

గడువు పెంచమని జడ్జీని అడుగుదాం, కానీ ఎందుకు ఆలస్యమైందో, ప్రాణభయం నిజమో కాదో, ఈడ చూసినోళ్లు ప్రమాణం చేసి రాసియ్యాల అన్నాడంట లాయరు. చూసినోళ్లంటే ఎవరు సహోదరులారా? మా అమ్మ, ఆ పొద్దు పల్లెలోనే ఉండిన నేను! పట్టపగలే తలుపు గడియ పెట్టుకున్నా, గుడికి రావడం కూడా మానేసినా. మోకాళ్ల మీద పడి ఏడ్చినా: "తండ్రీ, నాయనను తీసుకున్నావు, తమ్ముణ్ణి దూరం చేసినావు, ఇంక నా చేత్తోనే నా బిడ్డల మీదికి ఆపద తెచ్చుకోమంటావా? నాకు ధైర్యం లేదు, నాకు తోడు ఎవురున్నారయ్యా!" అబద్ధమెందుకు, నాకే స్వరమూ వినపడలేదు.

అమ్మే లేచింది. "మీ నాయనే పోయినాక నాకింగ భయమేంది? పా, వేలిముద్ర వేస్తా" అనింది. నంద్యాల కోర్టు కాడ నోటరీ లాయరు ముందరికి పోతే, ఆడ ఒకామె చెట్టు కింద నిలబడి ఉంది. ఎవురనుకున్నారు? ఆ పొద్దు వాళ్ల చేతిలో చచ్చిపోయిన రైతు భార్య! మొగుడు పోయినాక ఇల్లు దాటని మనిషి, మన దేవుణ్ణి ఎరగని మనిషి! నాకు చెప్పకుండా అమ్మే పోయి ఆమెను అడిగిందంట. ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని, "నా మొగుని కోసం నిజం చెప్పి నీ కొడుకు ఊరిడిచినాడు, నేను రాకపోతే ఎట్లా వదినా" అని, వాళ్లు ఇంకా ప్రకాశాన్ని వెతుకుతాండారని ప్రమాణం చేసి సంతకం పెట్టింది. ఆ ఇద్దరు విధవరాండ్రు ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తాంటే నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, నా భయం యాడికి పోయిందో తెలీదు, నేనూ సంతకం పెట్టినా. తోడు ఎవురయ్యా అని అడిగితే నా దేవుడు చూపించినాడు! స్తోత్రం!

ఆ దూరదేశపు జడ్జీ గడువు ఇచ్చినాడు. ముందటి తీర్పు సరి కాదు, మళ్లీ మొదటి నుంచి వినండి అని కూడా చెప్పినాడు. ఆ వినడం ఇంకా కాలేదు. ఉండనిస్తారో పంపేస్తారో తెలీదు. మా నాయన తిరిగి రాడు. అమ్మ ఇప్పటికీ అన్నం పెట్టేటప్పుడు ఒక కంచం ఎక్కువ తీస్తుంది, చూసుకుని లోపల పెట్టేస్తుంది. నా దుఃఖం తీరిపోయిందని నేను చెప్పను. కానీ దాంట్లో నేను ఒంటిదాన్ని కాదు. దేవునికే మహిమ!

మీలో ఎవరికైనా ఇంక టైము అయిపోయింది, అడిగినా లాభం లేదు అనిపిస్తాంటే, ఒక్కసారి ప్రభువును అడగండి. అడగడానికి నోట మాట రాకపోతే మా ఇంటికి రండి. మా అమ్మకు చదువు రాదు, ప్రార్థన మొదలుపెడితే సగంలోనే ఏడుస్తుంది. అయినా రండి, ఆమె పక్కన కూర్చుంటే మీకూ మాట వస్తుంది.