కొండవీటి మీద నా పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల్లో పరువు పోగొట్టుకోవడానికి సవాలక్ష మార్గాలున్నాయి. కాఫీ ప్యాంటు మీద ఒలకబోసుకోవచ్చు. అమ్మాయిని వదిలేసి వాళ్ళ చెల్లెలితో మాట్లాడుతూ కూర్చోవచ్చు. జీతం ఎంతో చెప్పమంటే నిజం చెప్పెయ్యొచ్చు. నేను ఇవేవీ చెయ్యలేదు. నేను కొండెక్కాను. ఎక్కినవాణ్ణి ఎక్కాల్సినవాళ్ళతో ఎక్కి ఉంటే ఇప్పుడు మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పట్లో నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో సూపర్వైజర్ని. ఒంటికి ఎప్పుడూ మిరపకాయల ఘాటు పట్టి ఉండేది. నేను బస్సెక్కి కూర్చుంటే పక్కవాళ్ళు తుమ్మి, లేచి వేరే సీటు చూసుకునేవాళ్ళు. ఇలాంటివాడికి పిల్లను వెతికే బాధ్యత మా మేనత్త రమణమ్మ తీసుకుంది. వేటపాలెంలో ఒక సంబంధం పట్టింది. అమ్మాయి పేరు లావణ్య. బీకాం చదివి జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోంది. వాళ్ళ నాన్న కోటేశ్వరరావు గారికి ఫోన్లో ఫొటోలు పంపుకోవడమంటే గిట్టదు.

"ఫొటోలో అందరూ బాగానే ఉంటారమ్మా. మనిషిని మనిషి చూసుకుంటే పోలా?" అన్నారట మా అత్తతో.

ఎక్కడ చూసుకోవాలన్నది అత్తే తేల్చింది. "ఇంట్లో కూర్చోబెడితే ఇద్దరూ చాప మీద పుల్లలు లెక్కపెడతారు. కొండవీడు పోదాం. ఘాట్ రోడ్డు మీద పైదాకా కారెళ్తది. చెట్లూ, చెరువులూ, కోటా ఉంటాయి. నాలుగడుగులు నడుస్తా మాట్లాడుకోండి."

అలా ఒక ఆదివారం పొద్దున్నే కొండమీద కారు దిగాం. దిగీ దిగగానే అత్తకు మోకాలు పట్టేసింది. కార్లోనే చతికిలబడి నన్ను తోసింది.

"ఒరేయ్ శీనూ, ఆ రాతి మంటపం దగ్గర ఉంటామన్నారు. అమ్మా, నాన్నా, అమ్మాయీ ముగ్గురే. నువ్వు నీలం చొక్కా వేసుకుంటావని చెప్పాలే. పో, నేను నిదానంగా వస్తా."

మంటపం దగ్గర నిజంగానే ముగ్గురున్నారు. ఒక పెద్దాయన, తెల్లచీరలో ఒక పెద్దావిడ, పక్కన చలవ కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి. నన్ను చూడగానే పెద్దావిడ మొహం విప్పారింది.

"నీలం చొక్కా. నువ్వేనా బాబూ?"

"నేనేనండి."

"హమ్మయ్య. ఇక రావేమో అనుకున్నాం."

ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి చెప్పండి. మీరైనా నమ్ముతారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. కాళ్ళకు దండం పెడదామని కూడా వంగబోయాను గానీ ఆవిడ కంగారుపడి వెనక్కి జరిగింది.

"చిన్నీ, టోపీ పెట్టుకో. బయల్దేరే ముందు ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం" అని ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఇక్కడ నాకు మొదటిసారి అయోమయం కలిగింది. వాళ్ళు క్రైస్తవులని అత్త చెప్పలేదే. చెప్పడం మర్చిపోయిందేమో. చిన్ని అంటే ముద్దుపేరు కాబోలు. నేనిలా సర్దిచెప్పుకుంటూ ఉండగా ఆవిడ ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ అబ్బాయి చేతిలో మమ్మల్ని పెడుతున్నాం. మా పిల్లను క్షేమంగా చూసుకునే బుద్ధి ఇతనికి దయచెయ్యి."

ఇంకా పేరైనా అడగకుండా పిల్లనిచ్చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

"నువ్వు ముందు నడువు బాబూ. నీ వెనకే వస్తాం" అన్నాడు పెద్దాయన.

ఇది పరీక్ష అని నాకు వెంటనే తట్టింది. అల్లుడు కాబోయేవాడికి చొరవ ఉందో లేదో చూస్తున్నారు. మూడు కాలిబాటలు కనిపించాయి. తడుముకుంటే చులకనైపోతానని మధ్యదాన్ని పట్టుకుని, చిన్నప్పటినుంచీ అక్కడే తిరిగినవాడిలా చేతులూపుకుంటూ నడిచాను. ఆ కొండ నేను అంతకుముందు బస్సు కిటికీలోంచి తప్ప చూసి ఎరగను.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు ఈ పని?" పెద్దావిడ అడిగింది.

"మూడేళ్ళవుతోందండి."

"ఎండాకాలం కష్టం కదూ?"

"ఎండాకాలమే మాకు రద్దీ అండి. లోపల మాత్రం చల్లగా ఉంటుంది. గదిలోకి వెళ్తే వణుకు పుడుతుంది."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "విన్నారా, కోటలో గదులున్నాయంట."

కోట ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. మా కోల్డ్ స్టోరేజిని మెచ్చుకుంటోందనుకున్నాను.

"పాములుంటాయా?" ఈసారి అమ్మాయి అడిగింది.

"లేవండి. ఎలుకలే. వాటికి మందు పెడుతుంటాం."

"ఈ కొండంతటికీ మందు పెడతారా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ప్రశ్న మళ్ళీ ఒకసారి లోపలే అనుకుని చూశాను. అయినా అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు నేను అలా చాలాసార్లు నవ్వి ఊరుకున్నాను.

బాట సన్నబడింది. రాళ్ళు మొదలయ్యాయి. తుప్పలు మోకాళ్ళదాకా వచ్చాయి. పెద్దావిడ ఆగి, చాలా మర్యాదగా అంది, "బాబూ, మా అమ్మాయి కాలు కిందటి నెలలో బెణికింది. అవసరమైతే చెయ్యి పట్టుకుని నడిపిస్తావా?"

అమ్మాయి తల్లి, నలుగురూ చూస్తుండగా, నోరు తెరిచి అడిగిన మాట. నా గుండె పొంగిపోయింది. ఆడపిల్ల తల్లి ఆవేదన అర్థం చేసుకున్నవాడిలా గొంతు తగ్గించి అన్నాను, "జీవితాంతం పట్టుకుంటానండి."

ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"అంత అక్కర్లేదు బాబూ. బురుజుదాకా చాలు."

అక్కడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. మొహమాటానికి అలా అంటోందనుకున్నాను.

ఎట్టకేలకు ఒక మొండిగోడ దగ్గర తేలాం. దాని అవతల బాట లేదు, లోయే. కింద పత్తి చేలు, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు కనిపిస్తున్నాయి. నాకు తెలిసిన సరుకు అదొక్కటే కాబట్టి ఎంతో ఆప్యాయంగా చూశాను.

"ఇది ఏ బురుజు?" పెద్దాయన అడిగాడు.

"రాణిగారి బురుజండి."

"ఏ రాణి?"

"పేరు బయటికి చెప్పరండి."

అమ్మాయి కళ్ళద్దాలు తీసింది. "మీకు అసలు దారి తెలుసా?"

ఇక దాచలేకపోయాను. కాబోయే భార్యతో మొదటిరోజే అబద్ధమెందుకని నిజం చెప్పేశాను. "లేదండీ. నేనూ ఈ కొండ ఎక్కడం ఇదే మొదలు."

"మొదలా? మరి గైడుగా ఎలా పెట్టుకున్నారు నిన్ను?" పెద్దావిడ గొంతు మారింది.

"గైడెవరండీ?"

"నువ్వు గైడువి కాదా? మరి ఎవరివి?"

"పెళ్ళికొడుకునండి."

"ఎవరికి?"

నేను అమ్మాయి వైపు కాస్త చూశాను. ఆమె గోడమీద కూలబడి, "నాకు పెళ్ళై పాప కూడా ఉందండీ. జ్వరమని మా ఆయన దగ్గర వదిలి వచ్చాను" అంది.

లోయలోకి దూకుదామా అనిపించింది గానీ అక్కడికి దారి కూడా నాకు తెలియదు.

ఆవిడ గుంటూరులో రిటైరైన రూతమ్మ టీచరు. భర్తతో, కూతురితో కోట చూడ్డానికి వచ్చింది. కొండ చూపించేందుకు ఫోన్లో మాట్లాడుకున్న గైడు నీలం చొక్కాలో వస్తానన్నాడట. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఘాట్ రోడ్డు మీద బస్సు హారన్లు వినబడిన దిక్కుగా, ముళ్ళు పీక్కుంటూ వెనక్కి నడిచాం. టీచరుగారు ముందు, నేను అందరికంటే వెనక.

మంటపం దగ్గరికి వచ్చేసరికి మా అత్త నడుమ్మీద చేతులేసుకుని నిలబడి ఉంది. మెట్లమీద ఇంకో ముగ్గురు కూర్చుని జీడిపప్పు తింటున్నారు. వాళ్ళ మధ్యలో, చేతినిండా జీడిపప్పుతో, నీలం చొక్కా వేసుకున్న ఒక కుర్రాడు.

"ఏరా శీనూ, ఎక్కడ చచ్చావు? నేనొచ్చేసరికి ఈ అబ్బాయిని అల్లుణ్ణి చేసుకుని కూర్చున్నారు వీళ్ళు" అంది అత్త.

జరిగిందేమిటంటే, దారిలో టైరు పంక్చరై గైడు ఆలస్యంగా వచ్చాడు. అప్పుడే వచ్చిన వేటపాలెం వాళ్ళను చూసి తనను పిలిచినవాళ్ళే అనుకున్నాడు. కోటేశ్వరరావు గారు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మా అమ్మాయిని జాగ్రత్తగా చూసుకుంటావా నాయనా?" అని అడిగారట.

"నాతో వచ్చిన ఆడవాళ్ళెవరూ ఇంతవరకూ కంప్లైంట్ చెయ్యలేదండి" అన్నాడట గైడు.

లావణ్య వాళ్ళమ్మ ఆ మాటకు కూతుర్ని దగ్గరికి లాక్కుంటుంటే మా అత్త వచ్చిందట.

రూతమ్మ టీచరుకు నామీద జాలి కలిగినట్టుంది. పెళ్ళివారితో, "కుర్రాడు మంచివాడేనండీ. మాట కాదనడు. దారి మాత్రం అడక్కండి" అంది. కోటేశ్వరరావు గారు ముళ్ళకు చిరిగిన నా చొక్కాను కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత తలకు నూనె రాసి శుభ్రంగా దువ్వుకున్న గైడును చూశారు. చాలాసేపు ఆలోచించి అతన్ని అడిగారు, "ఎందుకైనా మంచిది, మీ ఇంటిపేరేమిటి బాబూ?"

అప్పుడు లావణ్య నవ్వింది. చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. నేనింకా ఏం జరిగిందో పూర్తిగా తెలియక అటూ ఇటూ చూస్తున్నాను. నవ్వు తగ్గాక నన్ను చూపించి వాళ్ళ నాన్నతో, "వీరితో ఒకసారి మాట్లాడతాను నాన్నా. ఇక్కడే కూర్చుని. ఎక్కడికీ నడవం" అంది.

మాకు పెళ్ళై నాలుగేళ్ళు. చుట్టాలెవరైనా పెళ్ళిచూపులు ఎలా జరిగాయని అడిగితే లావణ్య తడుముకోకుండా చెబుతుంది. "ఈయన నాకంటే ముందు ఇంకో అమ్మాయిని చూశారు. నేను ఈయనకంటే ముందు ఇంకో అబ్బాయిని చూశాను. ఇద్దరికీ అక్కడ కుదర్లేదు."

కాబట్టి పాఠకుల సాక్షిగా, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎప్పుడు పెళ్ళిచూపులకు వెళ్ళినా ముందు అమ్మాయి పేరు అడిగిగానీ నమస్కారం పెట్టను.

ఇంతవరకూ రాసింది భుజం మీదుగా చదివి లావణ్య అడుగుతోంది, "ఇకమీదట ఎప్పుడు వెళ్ళినా?"

ప్రమాణం మార్చుకుంటున్నాను. ఇకమీదట వెళ్ళను.